ఒక చుక్క వాపసు

మా వీధిలో తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యని ఇంటికి మున్సిపాలిటీవారు జరిమానా వేస్తారు. అందుకని నేను వేరు చేస్తాను. అరటితొక్క ఆకుపచ్చ డబ్బాలోకి, పళ్ళు చుట్టిచ్చిన కాగితం నీలం డబ్బాలోకి. పాల ప్యాకెట్టయితే కడిగి, ఆరబెట్టి మరీ నీలం డబ్బాలో వేస్తాను. పొద్దున్నే బండి వస్తుంది. బండి మీది మనిషి రెండు డబ్బాలూ అందుకుని, రెండిటినీ ఒకే తొట్టిలో బోర్లించి, డబ్బాలు మాత్రం ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్తగా తిరిగి ఇస్తాడు.

ఒకరోజు బండి వెంట వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టరుని అడిగాను.

"ఇంత కష్టపడి మేం వేరు చేస్తే మీరు కలిపేస్తున్నారేమిటండీ?"

"వేరు చెయ్యడం మీ బాధ్యత మేడం. తరలించడం మా బాధ్యత. ఆ రెండూ కలపకండి" అన్నాడాయన.

వేళాకోళమాడుతున్నాడనుకున్నాను. అదొక విధానమనీ, పెద్ద చదువులు చదివినవారు పెద్ద భవనాల్లో కూర్చుని దాన్నే పాటిస్తారనీ మా వదినని రక్తపరీక్షకి తీసుకెళ్ళాక గాని తెలియలేదు.

వదినంటే మావారి అక్కగారు. పేరు ప్రసూన. బాలికల హైస్కూల్లో హిందీ పండిట్‌గా చేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. మా మేడమీద వాటాలో ఉంటుంది. స్కూల్లో పిల్లలు ఆవిణ్ణి హిందీ టీచరని ఏనాడూ అనలేదు, జడ టీచరనేవారు. మోకాలి దాకా దిగే జడ. అరవై దాటాక నడుం దగ్గర ఆగింది గాని ఒత్తు తగ్గలేదు. తిరుపతి వెళ్ళినప్పుడు కూడా "మూడు కత్తెరలు చాల్లే, ఆయనకి మాత్రం ఏం తక్కువైందని" అని దేవుడితో బేరమాడి వచ్చిన మనిషి.

వేసవిలో ఆవిడకి రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషను చేశారు. కుట్లు మానుతుండగా సర్జను సరళాదేవి గారు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు.

"కనబడ్డది తీసేశాను. కనబడనివి రక్తంలో తిరుగుతున్నాయేమో తెలియాలి. ఉన్నాయంటే ఘాటైన మందు ఎక్కించాల్సిందే. లేవంటే ఎక్కించకూడదు. ఈవిడ గుండె అంతంత మాత్రం. ఆ మందు ఊరికే ఎక్కించి చూసే మందు కాదు. దసరా లోపల నాకు తెలియాలి. ఆ తరవాత తెలిసినా, తెలియకపోయినా ఒకటే."

"ఆ పరీక్ష ఎక్కడ చేస్తారండీ?" అన్నారు మావారు.

"హైదరాబాదులో అయితే దీపావళి దాటాక గాని మన వంతు రాదు. మన ఊళ్ళోనే కొత్తగా పెట్టారుగా, అక్కడ చేయించండి."

కొత్తగా పెట్టినదాని పేరు జిల్లా సూక్ష్మప్రవాహ కణవిభజన కేంద్రం. ఆ బోర్డు చదవడానికి భవనం ఈ చివరినుంచి ఆ చివరి దాకా నడవాలి. లోపలున్న యంత్రం మాత్రం తపాలా బిళ్ళంత. ప్రభుత్వ వస్తువు దేనిమీదైనా తెల్ల పెయింటుతో స్టాకు నంబరు రాయాలని నిబంధన ఉందట. రాయబోతే నంబరు యంత్రం కన్నా పొడుగైంది. అందుకని యంత్రాన్ని ఒక టేకు బల్లకి మరలతో బిగించి, బల్ల మీద నంబరు రాశారు. ప్రారంభోత్సవం నాడు పెద్దలు బల్లకే బొట్టు పెట్టి, బల్లకే కొబ్బరికాయ కొట్టి వెళ్ళారు. యంత్రం బతికిపోయింది.

దాన్ని నడిపేది డాక్టర్ మృదుల. ఆ భవనంలో యంత్రం సంగతి తెలిసింది ఆ అమ్మాయి ఒక్కర్తికే. తక్కిన వారందరికీ దాని నిబంధనలు తెలుసు.

వదిన వేలి చివర పొడిచి ఒక చుక్క తీసి, మృదుల మాకు విడమరిచి చెప్పింది.

"ఈ పలకలో వెంట్రుక కన్నా సన్నని కాలవలున్నాయండి. కాలవల నిండా బుల్లి బుల్లి స్తంభాలు కొంచెం ఏటవాలుగా బారులు తీరి ఉంటాయి. మామూలు రక్తకణాలు చిన్నవి కదా, స్తంభాల సందుల్లోంచి తిన్నగా జారిపోతాయి. జబ్బు కణాలు పెద్దవి. అవి ప్రతి స్తంభానికీ కొట్టుకుంటూ కాస్త కాస్త పక్కకి జరుగుతాయి. చివరికి మొదటి రంధ్రంలోంచి జబ్బు కణాలు, రెండో రంధ్రంలోంచి మిగతా రక్తం చెరో గొట్టంలోకి వచ్చేస్తాయి. మొదటి గొట్టంలో ఏమైనా ఉందా, లేదా, అంతే చూడాలి. కోట్లలో ఒక్కటున్నా దొరికిపోతుందండి."

"చిన్నవాళ్ళు తిన్నగా పోతారు, పెద్దవాళ్ళు ప్రతి స్తంభానికీ కొట్టుకుంటారు. మా డి.ఇ.ఓ. ఆఫీసులో దీన్ని తిరగేసి బిగించారమ్మా" అంది వదిన.

మృదుల నవ్వి, రేపొచ్చి రిపోర్టు తీసుకోమంది.

నేను ఆ యంత్రాన్ని శ్రద్ధగా చూశాను. మొదటి రంధ్రం పక్కన తయారుచేసినవాళ్ళు ఏదో అంకె వేశారు. రెండో రంధ్రం పక్కన 'వేస్ట్' అని అచ్చువేశారు. ఆ మాట అచ్చువేసినవాళ్ళకి మన దేశం తెలిసి ఉండదు.

మర్నాడు వెళ్ళేసరికి ప్రయోగశాల తలుపు దగ్గర స్టోర్సు అధికారి పీతాంబరం గారు నిలబడి ఉన్నారు. ఆయన జేబులో నాలుగు రంగుల కలాలు, చేతిలో వెలిగించిన కొవ్వొత్తి. కరెంటు పోయిందేమో అనుకున్నాను. కాదు, లక్క కరిగిస్తున్నారు. వదిన రక్తం ఉన్న రెండు గొట్టాలకీ లక్కముద్ర వేస్తున్నారు.

"సార్, మొదటిదైనా వదలండి. ఇంకా మైక్రోస్కోపులో చూడలేదు" అంటోంది మృదుల.

"డాక్టరమ్మా, ముందు నా ప్రశ్నకి సమాధానం చెప్పండి. రెండో గొట్టంలోది మీరేం చేస్తారు?"

"వేస్ట్ కదండీ. మందు వేసి శుద్ధిచేసి పారబోస్తాం."

"పారబోస్తారా!" పీతాంబరం గారు కొవ్వొత్తి ఊది ఆర్పేశారు. "ప్రభుత్వ భవనంలో, ప్రభుత్వ యంత్రంలోంచి, ప్రభుత్వ పనివేళల్లో వెలువడిన వ్యర్థాన్ని, నిరుపయోగ వస్తు పరిష్కార సంఘం తీర్మానం లేకుండా, వేలంపాట లేకుండా పారబోస్తారా? రేపు ఆడిటు వచ్చి వ్యర్థమేదీ అంటే ఎవరు చూపిస్తారు? మీరా, నేనా?"

"రక్తమండీ అది!"

"విరిగిన కుర్చీ కూడా ఒకప్పుడు చెట్టేనమ్మా."

దానికి అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆయన చెప్పిన తీరుకి పక్కనున్న ఇద్దరు గుమాస్తాలు తలలూపారు.

నేను కల్పించుకున్నాను. "ఆ రెండోది మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి సార్. మాకు మొదటి గొట్టం సంగతి చెప్తే చాలు."

"అమ్మా, మీరు చదువుకున్నవారిలా ఉన్నారు. ఒకే చుక్కకి రెండు ఫైళ్ళుండవు. రెండో గొట్టం పరిష్కారమయ్యేదాకా మొదటి గొట్టం యథాతథ స్థితిలో ఉంటుంది."

"పోనీ ఇంకో చుక్క ఇస్తాను, మొదటినుంచీ చెయ్యండి" అంది వదిన.

"ఒక రోగికి ఒకే ఫైలమ్మా. మీది నడుస్తోంది."

"నడుస్తోందా? ఎక్కడికి నాయనా?" అంది వదిన.

వేలంపాట ప్రకటన భవనం గోడకి అంటించారు. 'రక్తసంబంధ వ్యర్థము, ఒక గొట్టము, ఉన్నది ఉన్నచోట ఉన్నట్టుగా' అని. మామూలుగా అక్కడ విరిగిన మంచాలు, పాత కాగితాలు, గ్లూకోజు సీసాలు వేలం వేస్తారు. ఆ అలవాటున ముగ్గురు పాతసామాన్లవాళ్ళు గోనెసంచులు, కాటాలు పట్టుకుని వచ్చారు. వాళ్ళలో నూకరాజుని మా వీధిలో అందరూ ఎరుగుదురు. సైకిలు మీద తిరుగుతూ చిక్కు వెంట్రుకలు, పాత పేపర్లు కొని స్టీలు సామాన్లు ఇస్తాడు. మేము ఎందుకెళ్ళామంటే, రోగి తరఫువాళ్ళు హాజరు కావాలని మాకు తాఖీదు వచ్చింది.

డైరెక్టరు త్రివిక్రమరావు గారు కుర్చీలో కూర్చున్నారు. మనిషి ఆరడుగుల పైనే ఉంటారు. సూక్ష్మమైన విషయాలు ఆయనకి నచ్చవు.

"సరుకు సూపించండి బాబూ" అన్నాడు నూకరాజు.

పీతాంబరం గారు గొట్టం చూపించారు. నూకరాజు దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. గొట్టం అడుగున ఎర్రగా దోమంత మరక ఉంది.

"ఇదేనాండి? నేను మినీ లారీ మాట్లాడుకొచ్చానండి!"

"వ్యర్థం పరిమాణంతో నీకేం పని? పాట మొదలెట్టు" అన్నారు పీతాంబరం గారు.

"ఇందులో ఏముంటదండి?"

మృదుల విసుగ్గా అంది. "రక్తం. నీళ్ళు, ఉప్పు, కాస్త ఇనుము."

నూకరాజు ముఖం వెలిగింది. "ఇనుమా! మరి సెప్పరేంటండి. ఇనుం రేటు కడతానండి, కాటా మీదెట్టండి."

పీతాంబరం గారు నిజంగానే కాటా మీద పెట్టించారు. ముల్లు కదల్లేదు. ఆయన కాటా సరిగ్గా లేదన్నారు. నూకరాజుకి రోషం వచ్చింది. "నా కాటా గురించి మాటాడకండి బాబూ. ఈ కాటా మీద మీ ఆసుపత్రి మంచాలు సగం ఎల్లిపోయినయ్యి" అన్నాడు. చివరికి తూకం లేని సరుకుకి పాట ఎలా పాడతారని ముగ్గురూ సంచులు దులుపుకుని వెళ్ళిపోయారు.

మృదుల డైరెక్టరు గారి వైపు తిరిగింది. "సార్, ఎవరూ కొనలేదు. ఇప్పుడైనా పారబోయనివ్వండి. ఆవిడ రిపోర్టు ఆగిపోయింది."

"ఒకసారి పాట రద్దయితే మళ్ళీ వెయ్యాలి. మూడుసార్లు రద్దయ్యాక పై ఆఫీసుకి రాయాలి. తొందరపడితే ఎలా డాక్టర్? విజ్ఞానమంటేనే ఓర్పు" అన్నారు త్రివిక్రమరావు గారు.

రెండో పాటకి ఎవరూ రాలేదు. మూడో పాటకి ఒకతను వచ్చాడు గాని అతను వినాయక చవితి చందాకి వచ్చాడు. ఈలోగా మిగతా రోగుల చుక్కలు కూడా వరసగా లక్కముద్రలు వేయించుకున్నాయి. వాటికోసం కొత్త ఫ్రిజ్ కొన్నారు. దానిమీద నంబరు రాయడానికి చోటు బాగా ఉందని పీతాంబరం గారు సంతోషించారు.

నవరాత్రి పందిళ్ళకి రాటలు పాతుతున్నారు. వదిన పైకి మామూలుగానే ఉండేది. అద్దం ముందు కూర్చుని జడ అల్లుకోవడానికి మాత్రం మునుపటి కన్నా ఎక్కువసేపు పట్టేది. ఒకరోజు నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి అల్లిన జడ విప్పి మళ్ళీ మొదటినుంచి అల్లుతోంది.

"నళినీ, ఉన్నాయంటే భయపడొచ్చు. లేవంటే సంతోషపడొచ్చు. ఈ రెండూ కాకుండా కూర్చోడం ఉంది చూశావూ, అది నా వల్ల కావట్లేదే" అంది.

ఆ మాట విన్నాక నేను వదినని వెంటబెట్టుకుని నేరుగా డైరెక్టరు గారి గదికి వెళ్ళాను. ఆయన ఎంతో ఉత్సాహంగా ఉన్నారు. రాజధానిలో ఏదో సదస్సుకి వెళ్ళి వచ్చారట. అక్కడ అందరూ శూన్య వ్యర్థం గురించే మాట్లాడారట. పీతాంబరం గారూ, మృదులా అక్కడే ఉన్నారు.

"సరిగ్గా వేళకి వచ్చారమ్మా! సమస్య మూలం నాకు దొరికింది" అన్నారు త్రివిక్రమరావు గారు. "వ్యర్థం ఎందుకు వస్తోంది? వేరు చేస్తున్నాం కాబట్టి వస్తోంది. కలిపి ఉంచితే వ్యర్థమన్న మాటే లేదు. కాబట్టి ఇకనుంచి వేరు చేసిన ప్రతి చుక్కనీ తిరిగి కలిపేస్తాం. కలిపిన చుక్కని రోగికి సగౌరవంగా వాపసు చేస్తాం. దేశంలోనే ప్రథమ శూన్య వ్యర్థ కణవిభజన కేంద్రం మనదే అవుతుంది!"

మృదుల మెల్లిగా అడిగింది. "సార్, మళ్ళీ కలిపేసేటప్పుడు ఇక వేరు చెయ్యడం ఎందుకండీ?"

"కలపడానికమ్మా! వేరు చెయ్యకపోతే ఏం కలుపుతాం?"

పీతాంబరం గారు కళ్ళు మూసుకుని ఆ వాక్యాన్ని ఆస్వాదించారు.

"పోనీ సార్, కలిపేముందు ఒక్కసారి మొదటి గొట్టం మైక్రోస్కోపు కింద చూడనివ్వండి. అరగంట చాలు. చూసి చెప్పేస్తాను, తరవాత మీరే కలిపేసుకోండి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళూ ఎవరికీ తోచనందుకు సిగ్గుపడ్డాను కూడా.

డైరెక్టరు గారు పీతాంబరం గారి వైపు చూశారు. పీతాంబరం గారు ఎర్ర కలం తీసి, పెట్టి, ఆకుపచ్చ కలం తీశారు.

"చూడటం అనేది వినియోగం కిందికి వస్తుంది సార్. ఒకసారి వినియోగించిన సరుకు వాడిన సరుకవుతుంది. వాడిన సరుకుని తీసుకున్నది తీసుకున్నట్టుగా వాపసు చేశామని ఎలా రాస్తాం? చూస్తే శూన్య వ్యర్థం పోతుంది."

"అయితే చూడొద్దు" అన్నారు డైరెక్టరు గారు.

"అయ్యా, నేను వచ్చిందే చూడటానికి" అంది వదిన.

"మీ ఆదుర్దా నేను అర్థం చేసుకోగలనమ్మా. కానీ ఒక్క వ్యక్తి కుతూహలం కోసం సంస్థ ఆదర్శాన్ని బలిచెయ్యలేం కదా."

నేను నోరు విప్పితే పెద్దమనిషిని అనకూడని మాట అంటానని తెలిసి వదిన నా చెయ్యి నొక్కి పట్టుకుంది.

పునఃసంయోగ విభాగం వారంలోగా వెలిసింది. మన ప్రభుత్వ కార్యాలయాలు పని చెయ్యవని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆ వారం గోడలకి సున్నాలు వేశారు, పలకరాళ్ళు మార్చారు, మూడు గదులు కలిపి ఒక హాలు చేశారు. వేరుచేసే యంత్రం తపాలా బిళ్ళంత కదా, కలిపే యంత్రం బీరువాంత. మీట నొక్కితే గిర్రున తిరిగి భవనమంతా అదిరేది. వేరు చెయ్యడానికి మృదుల ఒక్కర్తి ఉండగా, కలపడానికి ఒక సంయుక్త సంచాలకులు, ఇద్దరు సహాయకులు, కలిసిందని ధ్రువీకరించడానికి ఒక పరిశీలకులు వచ్చారు. పొద్దున్న మృదుల వేరు చేసేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళు కలిపేవారు. సాయంత్రం పూర్తిగా కలిసిందో లేదో పరీక్షించడానికి మృదుల దగ్గరికే పంపాలని పరిశీలకులు ఒక ప్రతిపాదన పెట్టారు గాని, అలా పంపితే అది మళ్ళీ విడిపోయే ప్రమాదం ఉందని పీతాంబరం గారు కొట్టేశారు.

విభాగం ప్రారంభానికి ఎవరో పెద్దాయన వచ్చారు. మొట్టమొదటి వాపసు చుక్క వదినదే. వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, వెండి పళ్ళెంలో పెట్టి ఆ గొట్టాన్నీ, ఒక రిపోర్టునీ చేతికిచ్చారు. నేను ముందు వరసలో ఉన్నాను. ఫోటోగ్రాఫరు "అమ్మా, గొట్టం కనబడేలా పట్టుకుని నవ్వండి" అన్నాడు. వదిన నవ్వలేదు. మైకు దగ్గరికి వెళ్ళి, తరగతిలో వెనక బెంచీ పిల్లని లేపి అడిగినట్టు అడిగింది.

"డైరెక్టరు గారూ, ఇందులో నేనెంత? నా జబ్బెంత?"

త్రివిక్రమరావు గారు తడుముకోలేదు. మైకు అందుకుని, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని అన్నారు.

"తల్లీ! మా సంస్థకి అందరూ సమానమే. మేం ఎవర్నీ వేరు చేసి చూడం!"

చప్పట్లు చాలాసేపు మోగాయి.

రిపోర్టు పట్టుకుని అటునుంచి అటే సర్జను దగ్గరికి వెళ్ళాం. సరళాదేవి గారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. వెనక్కి తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు. 'స్వీకరించినది: ఒక చుక్క. వాపసు చేసినది: ఒక చుక్క. వ్యర్థము: లేదు. వ్యత్యాసము: లేదు' అని ఉంది.

"వ్యత్యాసం లేదంటే మంచిదే కదా డాక్టరుగారూ?" అన్నారు మావారు ఆశగా.

ఆవిడ కాగితాన్ని బల్లమీద పెట్టి, వదిన వైపు తిరిగి అన్నారు. "నాకు తెలీదండీ. ఎల్లుండి దసరా. తెలియనప్పుడు ఉన్నట్టే లెక్కపెట్టుకోవాలి. మందు మొదలెడదాం. గుండెకి కాపలాగా వేరే మందులిస్తాను."

"లేనిదానికి కూడా మందేనా?" అంది వదిన.

"ఉందో లేదో చెప్పేవాళ్ళు చెప్పకపోతే నేనేం చెయ్యనమ్మా."

మందు ఎక్కించేది ఆ కేంద్రం పై అంతస్తులో ఉన్న వార్డులోనే. మొదటిసారికే వదిన మంచానికి అంటుకుపోయింది. రెండోసారి వెళ్ళేసరికి దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. రోజూ కొంచెం కొంచెం పోతుంటే చూడలేనని, మంగలిని వార్డుకి పిలిపించుకుంది. "దేవుడికే మూడు కత్తెరలన్నదాన్ని, దీనికి మొత్తం ఇస్తున్నాను" అంది. జడ తెగి నా ఒళ్ళో పడింది. సగం నెరిసింది, కానీ నా చేతి మందం ఉంది. ఇంటికి తీసుకెళ్ళి దాచమంది. చీరకొంగులో చుట్టుకుని మెట్లు దిగుతుంటే గుమ్మం దగ్గర పీతాంబరం గారు ఎదురయ్యారు.

"అమ్మా, కొంగులో ఏమిటది?"

చెప్పాను.

"వార్డులో రోగి శరీరం నుంచి విడివడిన సమస్తమూ సంస్థ వ్యర్థమేనమ్మా. ఇలా ఇవ్వండి."

"మీది శూన్య వ్యర్థం కదండీ. మరి దీన్ని కూడా తిరిగి ఆవిడ తలకి కలిపేసి ఇవ్వండి" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. ఒక్క క్షణం నిజంగానే ఆలోచించారు. "కలపడానికి సాంకేతిక అవకాశం లేదు. కాబట్టి వేలమే" అన్నారు.

ఆ వేలానికి మూడు జిల్లాల నుంచి మనుషులొచ్చారట. జుట్టుకి విదేశాల్లో ఉన్న గిరాకీ రక్తానికి లేదు. వార్డులో ఉన్న ఆడవాళ్ళందరి జుట్టూ ఒక రాశిగా పోశారు. పాట గంటన్నర సాగింది. ఆ కేంద్రం చరిత్రలో జయప్రదంగా ముగిసిన మొదటి వేలమదే. త్రివిక్రమరావు గారు పత్రికలవాళ్ళతో మాట్లాడుతూ, రోగుల సహకారంతో సంస్థ స్వయంసమృద్ధి దిశగా అడుగేసిందని చెప్పారు. పక్కనే వదిన శాలువా ఫోటో మళ్ళీ వేశారు. ఫోటోలో జడ ఉంది. మృదుల ఆ నెలాఖరుకి రాజీనామా చేసి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి స్థానాన్ని ఇంకా నింపలేదు. కలిపే విభాగం మాత్రం నిర్విరామంగా పనిచేస్తోంది. వేరు చేసేవారు లేరు కనక, వచ్చిన చుక్కలని వచ్చినట్టే తిప్పి పంపిస్తున్నారు. రిపోర్టులు ఇప్పుడు ఏ రోజువి ఆ రోజే ఇచ్చేస్తున్నారట.

ఆ మందు మా వదినకి అవసరమైందో, అనవసరంగా ఎక్కించామో ఇప్పటికీ మాకు తెలియదు. ఇకముందు తెలిసే దారి లేదని సరళాదేవి గారే చెప్పారు. వదిన మెట్లెక్కితే ఆయాసపడుతుంది. అందుకని కింద మా వాటాలోకి మార్చాం. తలకి నూలు గుడ్డ చుట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంటుంది.

మొన్న అలా కూర్చుని ఉండగా "చిక్కెంట్రుకలు కొంటాం, పాత పేపర్లు కొంటాం" అని కేకేసుకుంటూ నూకరాజు వచ్చాడు. వదినని చూసి సైకిలు దిగాడు. స్టాండు వేసి, దగ్గరికొచ్చి, తల గోక్కున్నాడు.

"అమ్మగారూ, ఆ పెద్ద జడ మీదేనంట కదండి. పాట నాకే వచ్చిందండి."

"నీకేనా? ఊళ్ళోవాడికే పోయిందిలే, నయం" అంది వదిన. "మోసపోలేదు కదా? సగం తెల్లదే."

"తెల్లదైనా ఒత్తండి. రంగేసుకుంటారండి. ఆపీసుకి కట్టాల్సింది కట్టేశానండి. మరి గిన్నె మీకియ్యాలి కదండి, అందుకనొచ్చేను."

"ఆఫీసుకి డబ్బిచ్చి, మళ్ళీ నాకు గిన్నేమిటి? నీకు నష్టం కదయ్యా?"

"నష్టవేనండి. కానీ మా అమ్మ కాణ్ణించీ అదే పద్ధతండి. తలెవరిదో గిన్నె ఆళ్ళది. ఆపీసుకేం తలుందండి?"

ఆపరేషను తరవాత వదిన పగలబడి నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. నూకరాజు బుట్ట దించి అరుగు మీద పరిచాడు. గిన్నెలు, మూతలు, పళ్ళేలు, చెంబులు. "ఏదైనా తీసుకోండమ్మా, పెద్దదే తీసుకోండి" అన్నాడు.

వదిన పెద్ద గిన్నెల్ని పక్కకి జరిపి, అడుగునున్న జల్లెడ తీసింది. కొత్త స్టీలు జల్లెడ. ఎండకి ఎత్తి పట్టి, కన్నాల్లోంచి చూసింది.

"ఇది వేరు చేస్తుందా?"

"భలేవోరే! జల్లెడండి అది. సెయ్యక ఏం సేత్తాదండి?"

"చేసింది మళ్ళీ కలపదుగా?"

నూకరాజుకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ముసలావిడకి మందు తలకెక్కిందనుకున్నాడేమో, జాలిగా నా వైపు చూశాడు. "కలపదమ్మా. నాది హామీ" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వదిన నా చేత పిండి డబ్బా తెప్పించుకుని, అరుగు మీదే కూర్చుని మెల్లిగా గోధుమపిండి జల్లించింది. తెల్లటి పిండి కింద పళ్ళెంలో పడింది. పొట్టు జల్లెడలో మిగిలింది. రెండిటినీ మార్చి మార్చి చాలాసేపు చూసింది. తరవాత పళ్ళెం నా చేతికందించి అంది.

"ముందు దీనిమీద మూత పెట్టవే. పీతాంబరం ఇటుగా వచ్చాడంటే కలిపి ఇమ్మంటాడు."